గట్టి ఇంగ్లీషు

ఎల్బీ నగర్‌లో కోర్టులకు పోయే దారిలో, మెట్రో వంతెన కింద, అర్జీలు రాసిపెట్టే అంతయ్య టైపు మిషను ముందు కూర్చుంటాడు. పైన రైలు కదిలినప్పుడల్లా కాగితం మీది వెలుగు క్షణకాలం వణికి కుదుటపడుతుంది.

ఉద్యోగ పరీక్షల కోచింగ్‌కని నల్గొండ పల్లె నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి ముప్పై ఏళ్ళయింది. ఉద్యోగం రాలేదు. ఫుట్‌పాత్ మీద కొన్న, మాటల పుట్టుకలు చెప్పే పాత ఇంగ్లీషు నిఘంటువొకటి మిగిలింది. దాన్ని చదివి అతడు పండితుడేమీ కాలేదు; ఉచ్చారణ ఇప్పటికీ తప్పే. మాట రాసే ముందు ఆగడం మాత్రం నేర్చుకున్నాడు.

ఆ మధ్యాహ్నం వనస్థలిపురం నుంచి బాలలక్ష్మి వచ్చింది, ఒకే ఇంట్లో ఉండే తోటికోడలు ఈరమ్మ మీద ఫిర్యాదు రాయించడానికి. మోచేతికి కట్టు ఉంది.

"నీళ్ళ ట్యాంకరు కాడ ఆమె, ఆమె కొడుకు నగేశ్ నా మీదికొచ్చిండ్రు. స్టేషన్ల ఇయ్యాలె. గట్టి ఇంగ్లీషు వెయ్యి సారూ. ఎస్సై సదివితే కుర్చీలకెళ్ళి లేవాలె."

"నువ్వేమనలేదా అమ్మా?"

"నేనేమంట? ఆమె నోటి ముందు మైకు సుత దండుగ. మా వాడకట్టుల ఒకాయనకు 'అఫ్రే' అని ఏసినవంట. గదే వెయ్యి."

అంతయ్య వేళ్ళు ఆగాయి. ఏవో ప్రాచీన తెగలు శాంతికి పెట్టుకున్న పేరు, ఫ్రెంచివారి నోట నలిగి, శాంతిని ఊడబెరకడమనే అర్థంతో ఇంగ్లీషు చట్టాల్లోకి చేరింది. ఇప్పుడా మాట అలసిన బాటసారిలా వనస్థలిపురం సందులో, నీలం డ్రమ్ముల నడుమ నిలబడినట్టు అతనికి తోచింది.

"గది నేరం పేరమ్మా. నలుగురు తిరిగే జాగల ఇద్దరు కొట్లాడితే పెట్టే కేసు. నీ పేరు సుత ఎక్కుతది. నగేశ్ ఏం చేస్తుండు?"

"కానిస్టేబుల్ పరీక్ష పాసయిండు. కేసులేమన్న ఉన్నయా అని ఎంక్వైరీ నడుస్తున్నది." ఆమె గొంతు తగ్గింది. "వాళ్ళమ్మ దవాఖానల ఉన్నప్పుడు ఆర్నెల్లు నా కాడనే పన్నడు."

కొట్లాటకు మరో మాట కోసం అంతయ్య నిఘంటువు తెరిచాడు. 'ఫ్రాకస్'లో ఇటలీవారు పగలగొట్టిన వస్తువుల చప్పుడుంది. 'డానీబ్రూక్' ఐర్లండ్‌లో సంత జరిగిన ఊరు; సంత పోయాక ఊరి పేరు కొట్లాటకు పేరైంది. గడ్డిఅన్నారం నుంచి పండ్ల మార్కెట్ లేచిపోయిన నాటి నుంచీ ఆ పుట అతని కలల్లోకి వస్తోంది: ఖాళీ షెడ్లలో మామిడి వాసన, మనుషులు లేని కేకలు.

"'క్వారెల్' అని ఒకటుందమ్మా. పుట్టుకల దానర్థం మొర. బాధ చెప్పుకునుడు."

"కొట్టుడు లేదా అండ్ల?"

"మొదట్ల లేదు."

రైలు వెళ్ళింది. వెలుగు వణికింది.

"దెబ్బకు ఏడ్వలేదు సారూ," అంది బాలలక్ష్మి. "చిన్నమ్మా అని పిలిచే నోటితోని 'నువ్వెవరు' అన్నడు వాడు."

అంతయ్య కొత్త కాగితం ఎక్కించాడు. ఎవరి పేర రాయాలని అడిగాడు.

"స్టేషనుకొద్దు. ఈరమ్మక్కకు రాయి. తెలుగుల."

"ఒక్క ఇంట్లనే ఉంటరు గదా. నోటితోనే చెప్పరాదూ?"

"నోరు తెరిస్తే మళ్ళ కొట్లాటయితది. ఆమెకు సదువు రాదు. వాడే సదివి ఇనిపియ్యాలె."

మిషను మీద తెలుగు అక్షరాలు లేవు. అంతయ్య ఆ కాగితాన్ని మెల్లగా బయటికి లాగి, పెన్ను మూత తీశాడు.