బొటనవేలంత జాగా

మా చిన్నాయన పోయాడన్న కబురు పొద్దున్నే దవాఖాన నుంచి ఫోనులో వచ్చింది. కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవి అది. చెప్పిన గొంతు రెండు ముక్కల్లో సంగతి ముగించి, వచ్చి సామాను తీసుకెళ్ళమంది. వెళితే ఒక ప్లాస్టిక్ సంచిలో ఫోను, కళ్ళద్దాలు, తువ్వాలు ఇచ్చారు. బూట్లు లేవు. ఆ వార్డులోకి బూట్లు తొడుక్కుని తన కాళ్ళ మీద తానే నడిచి వెళ్ళిన మనిషి ఆయన. అడిగితే కౌంటరులో కూర్చున్నతను, "మనిషే పోతే బూట్లేంటి బెన్?" అన్నాడు. సూరత్‌లో అక్కని బెన్ అంటారు. ఎవడో తొడుక్కుని పోయాడన్నమాట. ఊపిరాడక కొట్టుకుంటున్న మనిషి మంచం కింద చెయ్యి పెట్టి బూట్లు లాక్కున్నవాడిని తలుచుకుంటే ఇప్పటికీ కంచం ముందు నుంచి లేచిపోతాను.

చిన్నాయన మా నాన్న తమ్ముడు. సిరిసిల్ల వైపు నుంచి మరమగ్గాల పనికి సూరత్ వచ్చి, మగ్గం నడపడంతో మొదలుపెట్టి మగ్గం బిగించే ఫిట్టరయ్యాడు. ఆయన సేఠ్ ఏ దేశానికి మగ్గాలు అమ్మితే ఆ దేశానికి ఈయన్ని తోలేవాడు. ఢాకా, ఇథియోపియా, ఉజ్బెకిస్తాన్, ఈజిప్టు. సూరత్‌లో మేముండే బమ్రోలిలో, మా వరస ఇళ్ళలో విమానం ఎక్కిన మనిషి ఆయనొక్కడే. భుజాన ఒక సంచి, కాళ్ళకు ఒక జత బూట్లు, అంతే. నూనె కారే షెడ్డులో అవే, మంచులో అవే, సేఠ్ దోస్తు పిలిచిన విందులో అవే. "రెండు జతలు మోసేటోనికి ఒక్క మంచి జత దొరకలేదని లెక్క బిడ్డా" అనేవాడు.

ఆయన ఊతపదం 'ఛీ'. తెల్ల బూట్లు చూస్తే ఛీ, అడుగు వేస్తే లైట్లు వెలిగే పిల్లల బూట్లు చూస్తే ఛీ, ముందు మొన తేలి వేళ్ళన్నిటినీ ఒకదాని మీద ఒకటి ఎక్కించే పెళ్ళి బూట్లు చూస్తే రెండు ఛీలు. మా మెట్ల మూలల్లో మావా అనే పొగాకు వక్కపొడి నమిలి ఉమ్మిన ఎర్రటి మరకలు చూస్తే మాత్రం ఛీ కూడా చాలక మొహం అటు తిప్పుకునేవాడు. ఈ గుణం మా ఇంట్లో ఇంకెవరికీ రాలేదు, నాకే వచ్చింది.

ఆయనతో బూట్లు కొనడానికి వెళ్ళడం ఒక శిక్ష. పొద్దున వెళ్ళనిచ్చేవాడు కాదు, సాయంత్రమే. దినమంతా నిలబడితే కాలు ఉబ్బుతుంది, ఆ ఉబ్బిన కాలికి పట్టిందే విమానంలోనూ పడుతుందని ఆయన వాదన. దుకాణంలో కూర్చున్నాక ప్రతి బూటునూ రెండు చేతులతో వంచేవాడు. వేళ్ళ దగ్గర వంగితే ఉంచేవాడు, నడుం దగ్గర విరిగితే పక్కకు తోసేవాడు. అడుగు కుట్టిందా, అతికించిందా అని అంచు వెంబడి గోరు పెట్టి చూసేవాడు. ఇదంతా బాగానే ఉండేది. ఆ తర్వాత బూటులో ముక్కు దూర్చేవాడు. నిండా దూర్చి, కళ్ళు మూసుకుని, గట్టిగా పీల్చేవాడు. నేను సిగ్గుతో గాజు బీరువా వెనక్కి జరిగేదాన్ని. దుకాణం ముసలాయన, గుజరాతీ, పరిశుభ్రమైన మనిషి, నెత్తి కొట్టుకునేవాడు. "అరే భాయ్, నాక్ మత్ లగావో, ముక్కు పెట్టకు! ఇంకొకరు కొనాలి గదా దాన్ని!"

"జిగురు కంపు గొడితే వద్దు సేఠ్. వానల్ల తడిసిన్నాడు నోరు తెరుస్తది" అనేవాడు చిన్నాయన, తొణక్కుండా.

ఏటా బడి తెరిచే ముందు నన్ను, చెల్లెళ్ళను కూడా ఆ దుకాణానికే తీసుకెళ్ళేవాడు. బూటు తొడిగి నిలబెట్టి, నల్లటి నూనె దిగిన తన బొటనవేలుతో ముందు కొసన నొక్కేవాడు. "ఇగో, బొటనవేలంత జాగ ఉండాలె. దిగుడు దారిల కాలు ముందుకు వస్తది. జాగ లేకుంటే గోరు ఊడుతది." సూరత్‌లో దిగుడు దారులెక్కడున్నాయి? బల్లపరుపు నేల. అయినా మా బూట్లన్నీ ఎక్కడో కొండలు దిగబోతున్నట్టే కొనేవాడు.

కొత్త బూటుకు అసలు పరీక్ష వానాకాలంలో. వాన గట్టిగా పడితే మా దగ్గరి ఖాడీ పొంగుతుంది. పేరుకు వాగు, నిజానికి మురుగు. అద్దకపు మిల్లుల నీళ్ళు కలిసి ఒకరోజు నీలంగా, ఒకరోజు కుంకుడు నురగలాగా వచ్చేవి. దాంట్లో తేలుతూ వచ్చేవాటి పేర్లు ఇక్కడ రాయను, అన్నం తిని చదివేవాళ్ళుంటారు. ఆ నీళ్ళలో ఆయన కొత్త బూట్లతో అటు దాటి ఇటు వచ్చేవాడు. కడిగి, కాగితాలు కుక్కి ఆరబెట్టి, మరునాడు డ్యూటీకి ఆరితే గెలిచినట్టు. "బమ్రోలి నీళ్ళు దాటిందంటే ఇగ ప్రపంచమంత దాటినట్టే" అని నవ్వేవాడు. ఇంటి ముందు ఆ కంపుకి చిన్నమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఇటువంటి మొగుడు పగవాళ్ళకు కూడా వద్దని తిట్టేది.

మొదటి లాక్‌డౌన్‌లో విమానాలు ఆగిపోయాయి, మగ్గాలు ఆగిపోయాయి. మా చుట్టుపక్కల ఉన్న మగ్గాలవాళ్ళు ఊళ్ళకు నడక మొదలుపెట్టారు. చిన్నాయన వాళ్ళకు నీళ్ళ డబ్బాలు ఇవ్వడానికి హైవే దాకా వెళ్ళి, తిరిగొచ్చి, ఆ పూట అన్నం ముట్టలేదు. రోడ్డు పొడుగునా తెగిన హవాయి చెప్పులు పడి ఉన్నాయట. "ఇన్ని దేశాలు తిరిగిన. గిట్ల చెప్పులు తెగి రోడ్డు మీద పడుడు యాడ జూడలే. ఛీ, ఏం బతుకు బిడ్డా మనది" అన్నాడు. ఎవరి మీద అసహ్యమో చెప్పలేదు. నాకైతే అందరి మీదా కలిగింది.

ఆ తర్వాత ఇంట్లోనే బూట్లు తొడుక్కుని తిరగడం మొదలుపెట్టాడు. తొడగకుండా పెట్టెలో పెడితే అడుగు పిండిలాగా రాలిపోతుందట. "మనిషి లెక్కనే, నడవకుంటే చస్తది." చిన్నమ్మ దేవుడి గూడు ముందు బూట్లేమిటని గోల చేస్తే, అడుగులు సబ్బు పెట్టి తోమి చూపించి మరీ తిరిగేవాడు. వంటింటి నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి వంటింటికి. ఆ బూట్లే దవాఖానకు తొడుక్కుని వెళ్ళాడు.

నాకు ఆ జబ్బు అంతకుముందే వచ్చి తగ్గింది. జ్వరం పోయింది గానీ వాసన తిరిగి రాలేదు. ఇంకోసారి రాదులే అని శ్మశానానికి నేనే వెళ్ళాను. చిన్నాయన అల్లుడు, మా బావ, కారు అద్దాలు ఎక్కించుకుని లోపలే కూర్చున్నాడు. మూటలా చుట్టిన మనిషిని దించి, మోసి, పడుకోబెట్టింది శవాల బండి మీద పనిచేసే ఒకతను. అతని కాళ్ళకు హవాయి చెప్పులు. ఒక దాని పట్టీ పిన్నీసుతో బిగించి ఉంది. తడి బూడిదలో చెప్పు జారుతుంటే కాలివేళ్ళతో పట్టుకుని నడుస్తున్నాడు. సొంతవాళ్ళం మేం దూరం నుంచి చూశాం. నా మీద నాకే రోత పుట్టింది.

పదోరోజు కర్మ ఫోనులోనే జరిపించారు. చెప్పులు, గొడుగు దానమివ్వాలి. పోయినవాళ్ళు నడిచే దారి చాలా పొడుగట, కింద నేల కాలుతుందట, దానమిచ్చిన చెప్పులే అక్కడ కాళ్ళకు వస్తాయట. ఎవరూ ఇంటికి రారు కాబట్టి నడిచే మనిషి ఎవరికైనా ఇవ్వండని అయ్యవారు చెప్పాడు. బావ సంచిలోంచి చెప్పులు తీసి పీట మీద పెట్టాడు. నీలం పట్టీల హవాయి చెప్పులు, అప్పడంలాగా పలచగా ఉన్నాయి.

"ఇవేంది బావా?" అన్నాను.

"దానం ఇచ్చేటియే గదా. ఆయన దొడుగుతడా ఏంది? పేరుకు పెడుతం, అయిపోతది."

చిన్నమ్మ పీట దగ్గరికి జరిగింది. ఆ చెప్పుల్ని చూసి, "దవాఖానల ఉత్త కాళ్ళతోని పోయిండు. ఇప్పుడు వీటితోని పోవాల్నా?" అంది. నేను ఆ చెప్పుల్ని పీట మీంచి తీసి బయటపడేశాను. బావకు కోపం వచ్చింది. రానీ.

మేం ఎప్పుడూ వెళ్ళే బూట్ల దుకాణానికి వెళితే షట్టరు సగం దించి ఉంది. తట్టి, ఎవరి కోసమో చెప్పాను. ముసలాయన లోపలికెళ్ళి, సైజు అడక్కుండానే ఒక డబ్బా తెచ్చాడు. నల్లవి, చిన్నాయన ఎప్పుడూ కొనే రకం. వంచాను. వేళ్ళ దగ్గరే వంగింది. అంచు వెంబడి గోరు పెట్టాను. కుట్టినదే. ఇక మిగిలిన పని కూడా చేద్దామని మాస్కు దించి, ముక్కు పెట్టి, పీల్చాను. ఏమీ లేదు. జిగురు లేదు, తోలు లేదు, ఉత్త గాలి. బతుకంతా ప్రతి కంపుకీ ముక్కు చిట్లించిన దాన్ని, అవసరమైన రోజున నా ముక్కు చచ్చిపోయి ఉంది. అక్కడే స్టూలు మీద కూర్చుని ఏడ్చేశాను.

"నాకు వాసన తెలియట్లేదు కాకా. మీరు చూడండి."

ఆయన నన్ను చూశాడు, బూటును చూశాడు. మాస్కు కిందికి లాగి, బూటులో ముక్కు నిండా దూర్చి, కళ్ళు మూసుకుని పీల్చాడు. "గోంద్ నహీ హై. చమ్డా హై. లే జావ్ బేటీ." జిగురు లేదు, తోలే, తీసుకుపో అన్నాడు. నేను రెండోదీ చాపాను. దాన్నీ చూశాడు.

నేరుగా శ్మశానం గేటు దగ్గరికి వెళ్ళాను. శవాల బండి ఆగి ఉంది, అతను మెట్టు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. విషయం చెప్పి డబ్బా చేతికిచ్చాను. నమ్మకంలేక రెండుసార్లు అడిగాడు. కాళ్ళు కడుక్కొచ్చి తొడుక్కుని, లేచి నిలబడి, "కొంచెం వదులుగా ఉన్నాయి బెన్" అన్నాడు.

నేను కిందికి వంగి అతని బూటు కొసన బొటనవేలు పెట్టి నొక్కాను. సరిగ్గా పట్టింది.

"అంత జాగా ఉండాలి" అన్నాను. "దిగుడు దారిలో కాలు ముందుకొస్తుంది."

ఇంతలో బండి డ్రైవరు హారన్ కొట్టాడు. అతను పరుగున వెళ్ళి ఎక్కాడు. బండి వెళ్ళిపోయాక గేటు ముందు నేను, పిన్నీసు గుచ్చిన ఆ పాత చెప్పులు మిగిలాం. వాటిని రెండు వేళ్ళతో పట్టుకుని దూరంగా చెత్తకుండీ దాకా తీసుకెళ్ళి పడేశాను.

ఛీ.