తూకాలమ్మ రేకన్న వాచీ

కన్నవాళ్లు పెట్టిన పేరేదో ఆమెకే మరుపు. పాత సామాన్ల బజారులో అందరికీ ఆమె తూకాలమ్మ. కంచు, ఇత్తడి, రాగి, సత్తు ఏదైనా సరే, అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎగరేసిందంటే జాతీ బరువూ కలిపి చెప్పేస్తుంది. వేలి కణుపుతో ఒక్కటి కొట్టి చెవి ఒగ్గితే అతుకెక్కడుందో కూడా చెప్పేస్తుంది. దుకాణంలో త్రాసు ఉన్నది కొనేవాళ్ల తృప్తికే. బడికి వెళ్లింది మూడు వానాకాలాలు. అంకెలు వచ్చు, తన సంతకం వచ్చు. మిగతా విద్యంతా చేతిలోనే ఉంది, చాలదన్నవాడు ఇంతవరకు పుట్టలేదు.

అలాంటి మనిషికి మొగుడుగా దొరికినవాడు అచ్చాఫీసులో తప్పులు దిద్దేవాడు. జేబులో ఎర్ర సిరా కలం ఉండేది గాని నోట్లో మాట ఉండేది కాదు. భార్య నోరు ఇద్దరికీ సరిపోయేది కాబట్టి ఆ లోటు ఎవరికీ తెలియలేదు.

పాతికేళ్ల కిందట ఆయన ఓడలో పనిచేసి వచ్చిన ఒకాయన దగ్గర పాత జపాను వాచీ ఒకటి కొన్నాడు. బూడిద రంగు, మచ్చుకైనా మెరుపు లేదు. ఉక్కు చైను పెట్టుకుంటే ఆయన మణికట్టు దద్దుర్లెక్కేది. ఇది పెట్టుకుని రెండు రోజులైనా ఒక్క దద్దురూ లేవలేదు. ఆ సంబరంతో నేరుగా భార్య దుకాణానికి వచ్చాడు.

"ఇది చూడు, టైటానియం" అన్నాడు.

దుకాణంలో బేరాలు చేసేవాళ్లు నలుగురున్నారు. మూల చక్రం దగ్గర గిన్నెలకు మెరుగుపట్టే ఆయన ఉన్నాడు. తూకాలమ్మ వాచీని అరచేతిలో ఎగరేసింది. ఎండుటాకంత బరువు లేదు.

"టైటానియమో తట్టానియమో! ఇది రేకండీ. రేకుకు రంగేసి ఎవడో మీకు అంటగట్టాడు. లోకం తప్పులన్నీ దిద్దుతారు, మీ చేతికి ఏం తొడిగారో మీకే తెలియదు!"

దుకాణమంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ రోజు నుంచి వాచీ పెట్టుకోవడం మానలేదు గాని, దుకాణం గడప దగ్గరకు రాగానే తీసి జేబులో వేసుకునేవాడు. ఆమె చూస్తూనే ఉండేది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నారు. "మీ రేకు క్షేమమేనా?" అని అప్పుడప్పుడూ అడిగేది కూడా.

ఆయన పోయి ఎనిమిది నెలలైంది. వాచీ కిటికీ గట్టు మీద ఉండేది. ఇంట్లో ఆమె కాక కదిలేది ఆ సెకను ముల్లొక్కటే. అన్నం వడ్డించుకుని అటు తిరిగి కూర్చునేది. ఎందుకని అడిగేవాళ్లు లేరు కాబట్టి జవాబు వెతుక్కోవలసిన పని కూడా లేకపోయింది. పోయిన వారం ఆ ముల్లు ఆగింది. మూడు రోజులు చూసి, నాలుగో రోజు వాచీని చెంగున ముడివేసుకుని బయలుదేరింది. వెల కట్టించి అమ్మేస్తాననే అనుకుంది. అసలు కావలసింది వెల కాదు. వాచీల పనిమంతుడు దాన్ని రేకు అనాలి. అంటే ఆనాటి నవ్వు న్యాయమైనదవుతుంది. కాదన్నాడో, పాతికేళ్లు ఆయన్ని ఉత్తపుణ్యాన గేలిచేసినట్టవుతుంది. ఆ తప్పు మోసుకుని ఆ ఇంట్లోకి తిరిగి వెళ్లాలి.

వాచీలు బాగుచేసేవాడి కొట్టు ఒక పెద్ద భవనం మెట్ల కింద ఉంది. పొడుగాటివాళ్లు వంగే లోపలికి పోవాలి.

"అమ్మడానికా, బాగుచేయించడానికా అమ్మా?" అన్నాడతను కంటికి భూతద్దం బిగించుకుంటూ.

"ముందు ఏం జాతో చెప్పు నాయనా. రేకే కదూ?"

"రేకా? ఎవరన్నారు?"

"తెలిసినవాళ్లే."

"తెలిసినవాళ్లకు తెలియలేదన్నమాట" అని నవ్వాడు. "టైటానియం అమ్మా. తేలికగా ఉండడమే దీని గొప్ప. ఒంటికి ఉక్కు పడనివాళ్లు కూడా హాయిగా పెట్టుకోవచ్చు."

"చేత్తో ఎగరేసి చూడకుండానే ఎలా చెబుతున్నావ్?"

"ఎగరేయడమెందుకు? వెనకాల రాసే ఉంది కదా!" వాచీ తిప్పి చూపించాడు. "ఇదిగో, ఇక్కడ."

ఆమె వంగి చూసింది. చీమలబారులా ఇంగ్లీషు అక్షరాలు. "ఆఁ, ఉంది ఉంది" అంది, చదివినదానిలా.

అన్న మరుక్షణం ఆమెకు ఆనాటి దుకాణం కళ్లముందుకొచ్చింది. అందరూ నవ్వుతుంటే ఆయన వాచీని ఒకసారి వెనక్కి తిప్పాడు. ఆమెను చూశాడు, చుట్టూ ఉన్న బేరగాళ్లను చూశాడు. మళ్లీ ముందుకు తిప్పి జేబులో వేసుకున్నాడు. "వెనక రాసుంది, చదువు" అని ఒక్కమాట అంటే గెలిచేవాడు. నలుగురిలో తూకాలమ్మకు చదవడం రాదని తేలిపోయేది. ఊరందరి తప్పులు దిద్దిన మనిషి ఆ ఒక్క తప్పును మాత్రం అలాగే వదిలేశాడు.

వాచీలు బాగుచేసేవాడు వెనక మూత తీసి లోపలి పక్క చూపించాడు. "ఈ గీతలు చూశారా? సెల్లు మార్చినప్పుడల్లా మేము సూదితో తారీఖు గీస్తాం. తొమ్మిదున్నాయి. చచ్చిన సెల్లు లోపల వదిలేస్తే కారిపోయి మిషనును తినేస్తుంది. దీన్ని పెట్టుకున్నాయన ఒక్కసారీ ఆలస్యం చేయలేదు, మిషను కొత్తదానిలా ఉంది."

అంకెలు కాబట్టి ఆమె చదువుకుంది. ఒక్కొక్కటే, వేలు పెట్టి.

"వెల మాత్రం ఆశపడకండి" అన్నాడతను. "ఇలాంటివి లెక్కలేనన్ని చేశారు. అద్దం గీసుకుపోయింది, చైను సడలింది. రెండు రాగి చెంబుల ఖరీదు వస్తుంది. సరేనంటే నేనే కొంటాను."

"చెంబుల సంగతి నాకు చెప్పకు" అందామె. "సెల్లు వెయ్యి. తారీఖు గియ్యి."

దుకాణానికి తిరిగొచ్చింది. తప్పు ఒప్పుకోవాలన్నా ఎదుట మనిషి ఉండాలి కదా. ఆనాడు విన్నవాళ్లలో మిగిలింది చక్రం దగ్గర ముసలాయన ఒక్కడే.

"తమ్ముడూ, మా ఆయన వాచీని నేను రేకన్నాను చూడు, అది రేకు కాదు."

"ఏ వాచీ అక్కా?"

"అందరూ పడీపడీ నవ్వలేదూ?"

"నువ్వు రోజుకు పదిమందిని నవ్విస్తావు. ఏదని గుర్తుపెట్టుకోను?" అని అతను చక్రం తిప్పుకున్నాడు.

ఆమె వెళ్లి తన పీట మీద కూర్చుంది. కాసేపటికి ఒక పిల్లతల్లి చంకలో బిడ్డతో, చేతిలో మూతగిన్నెతో వచ్చింది. "ఇదేం లోహమో చెప్పు పెద్దమ్మా."

గిన్నె అరచేతిలోకి రాగానే చేయి దానంతటదే పైకి లేవబోయింది. తూకాలమ్మ ఆపింది. గిన్నెను బోర్లించి, అడుగున ఉన్న అక్షరాల మీద బొటనవేలు పెట్టింది.

"ఇక్కడేదో రాసుంది. చదివి చెప్పమ్మా, నాకు చదవడం రాదు."

మెరుగుచక్రం ఆగింది. పక్క కొట్టువాడు తల బయటపెట్టి చూశాడు. వినవలసినవాడు తప్ప అందరూ విన్నారు.

ఆ పిల్లతల్లి కూడబలుక్కుని చదివింది. "స్టీలట పెద్దమ్మా."

"అది నా చేతికి ఎప్పుడో తెలుసులే" అంది తూకాలమ్మ. గొంతు మాత్రం రోజూ లేచినంత పైకి లేవలేదు.