భోజనాలకు పిలిచే గొంతు

"ఆ మైకు గొట్టం మీద చెయ్యి పెట్టొద్దప్పా, తుప్పు అంటుకుంటాది. ఈడ కూచో. ఏం అడిగినావ్? మైకులో మాట్లాడేది ఎందుకు మానుకున్నావనా? నేనేం మానుకోలేదు. ఊర్లోల్లే వద్దన్నారు. సెట్టు ఇచ్చిపో, పాటలు ఏసుకుంటాం, నువ్వు మాత్రం నోరు తెరవొద్దు అన్నారు. ఇన్నేండ్లకు జయరాజొక్కడు రేపు తన బిడ్డ పెండ్లిలో నువ్వే పిలవాల అంటాండాడు. ఏం చేసేదో తోచకుండా ఉంది."

హుస్సేన్ వలి తల ఎత్తకుండానే ఇదంతా చెప్పాడు. ఆంప్లిఫయరు వెనక మూత విప్పి, తెగిన తీగను అతుకుతున్నాడు. నంద్యాల బస్టాండు వెనక సందులో అతని మైకుసెట్టు అంగడి. దాని వెనక ఉన్న ఒక్క గదే ఇల్లు. భార్య రహీమున్నీసా చనిపోయాక ఆ గదిలో అతనొక్కడే ఉంటున్నాడు. ఆళ్లగడ్డ బస్సు ఏనాడూ వేళకు రాదు కాబట్టి, ఎదురుచూసే సేపు నేను ఈ అంగట్లో కూర్చోవడం అలవాటైంది. ఎప్పుడొచ్చినా రేడియో మోగుతూ ఉంటుంది. నన్ను చూడగానే కట్టేస్తాడు.

ఒకప్పుడు నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య పెళ్లి జరిగితే పందిట్లో వలి గొంతు వినిపించాల్సిందే. విస్తర్లు వేయగానే గోటితో మైకును రెండుసార్లు తట్టేవాడు. "అక్కలారా, అన్నలారా" అని కాసేపు ఆగేవాడు. ఆ తర్వాత "అన్నం ఆవిరి పోకముందే బేగా రాండి" అనేవాడు. అలిగి దూరంగా కూర్చున్న బంధువులు కూడా ఆ పిలుపుకు నవ్వుకుంటూ లేచి వచ్చేవారట.

డెబ్బైల నడుమ ఒక వానాకాలం కుందూ నది పొంగింది. బావుల్లోకి మురికినీళ్లు దిగాయి. ఎన్నో దేశాలు తిరుగుతోందని పేపర్లో చదివిన కలరా ఈ దారిలో ఉన్న ఊళ్లకూ వచ్చింది. నంద్యాల సేవా క్లబ్బు వాళ్లు ఒక జీపు మాట్లాడి, మైకు బాడుగ ఎంతని అడగడానికి వలి దగ్గరికి వచ్చారు.

"బాడుగ ఒద్దు, నేనూ వస్తా అంటి."

"ఎందుకన్నా?" అని అడిగాను.

"ఎందుకేముందప్పా. జీపులో కూచుని ఊర్లు తిరగొచ్చు. ఇంట్లో రహీమున్నీసా నా మాట యాడ ఇంటాండె? బయటన్నా ఇంటారులే అనుకుంటి." నవ్వాడు. నవ్వు తొందరగానే ఆగిపోయింది.

ఆ జీపులో ఆళ్లగడ్డ నుంచి వచ్చిన వాలంటీరే ఈ జయరాజు. బళ్లో అటెండరు. బావుల్లో బ్లీచింగు పౌడరు కలిపే పని అతనిది, చెప్పే పని వలిది. నీళ్లు కాచి తాగండి, చల్లన్నం తినొద్దండి, వాంతులు పట్టుకుంటే దాచొద్దండి, సూది వేయించుకోండి. పొద్దుటి నుంచి దీపాలు పెట్టేవరకు ఇవే మాటలు. మొదలుపెట్టేది మాత్రం పెళ్లిళ్లలో లాగే. మైకును రెండుసార్లు తట్టి, "అక్కలారా, అన్నలారా."

"వేరే మాట ఏదన్నా అనింటే సరిపోవునేమో. నా నోటికి వచ్చేది అదొక్కటే. నా గొంతు ఇనబడితే పిల్లోల్లు సూది అని చేన్లల్లోకి పరుగెత్తుతాండ్రి. ఒక ముసలామె జీపుకు అడ్డం నిలబడె. నువ్వు అరిచిపోయిన మరుసటి దినం ఎవరో ఒకరు పోతాండారు, మా వీధికి రావాకు అనె."

"నువ్వేమన్నావు?"

"ఏమంటా? ఆమె చెప్పింది నిజమే. రోగం ఉండే ఊరికే జీపు పంపుతాండ్రి. నేను పోయి చెప్తాంటి. అప్పటికే పడకేసినోల్లు మరుసటి దినం పోతాండ్రి. ముందు గొంతు, యనక సావు. ఆ మాట తప్పని ఏడ్సే ముసలామె కాడ ఎట్ల చెప్తావ్? జీపు యనక్కి తిప్పించి, ఊరి బయట నుంచి చెప్తిమి."

రోగం తగ్గింది. పని చేసిన వాళ్లకు క్లబ్బు శాలువాలు కప్పి, అందరినీ నిలబెట్టి ఫోటో తీయించింది. ఫోటోలో వలి లేడు. ఆ సమయానికి మైకు కుయ్యిమని అరుస్తుంటే సర్దుతున్నాడట.

ఆ తర్వాతి మాఘమాసంలో శిరివెళ్ల దాటాక ఉన్న ఒక ఊళ్లో పెళ్లి. మొదటి బంతి వరుసగా విస్తర్ల ముందు కూర్చుంది. మిగతా వాళ్లను కూడా పిలుద్దామని వలి మైకు తట్టి, "అక్కలారా, అన్నలారా" అన్నాడు. ఒకామె మంచినీళ్ల గ్లాసును దూరంగా జరిపింది. ఆమె పక్కనున్నామె అన్నంలో చెయ్యి పెట్టిన బిడ్డను ఎత్తుకుపోయింది. ఒకరిని చూసి ఒకరు లేచారు. కాసేపటికి వరుసలో విస్తర్లే మిగిలాయి.

"ఎవరూ ఒక్క మాట అనలేదప్పా. తిట్టింటే బాగుండు. పెండ్లికూతురు నాయన వచ్చి, మైకు మీద చెయ్యి పెట్టి, పాటలు ఎయ్యి వలీ అని మెల్లగా చెప్పిపాయ. ఏసినా. వాల్లు మల్లా కూచుని తింటాంటే, నేను గోడ పక్కకు తిరుక్కోని రికార్డులు మార్చుకుంటా ఉన్నా."

అప్పటి నుంచి సెట్టు పెళ్లిళ్లకు పోతోంది, గొంతు పోవడం లేదు. తీగలు కట్టి, స్విచ్ వేసి, దూరంగా కూర్చుంటాడు. రహీమున్నీసా ఉన్నన్నాళ్లూ పొయ్యి దగ్గరున్న ఆమెకు వినపడేలా, మైకులో అన్నట్టు "రహీమున్నీసా గారు ఎక్కడున్నా భోజనానికి రావలెను" అని పిలిచేవాడట. ఆమె "ఇంత గదికి మైకెందుకు, ముందు కట్టెలు తే" అనేదట. అది చెబుతూ గది వైపు చూశాడు. అక్కడ ఒక కంచం, ఒక గ్లాసు బోర్లించి ఉన్నాయి.

రేపు ఆళ్లగడ్డలో జయరాజు కూతురు లూదియా పెళ్లి. జయరాజు నిన్న వచ్చి, సెట్టు ఆళ్లగడ్డలోనూ దొరుకుతుంది, నాకు కావాల్సింది నువ్వు అని చెప్పి పోయాడు.

"జనాలు మర్చిపోయింటారన్నా" అన్నాను.

"మర్చిపోకపోతే? జయరాజు బిడ్డ పెండ్లిలో బంతి లేచిపోతే ఆయప్ప మొగం యాడ పెట్టుకుంటాడు? పోకుంటేనేమో, ఆ దినాల్లో భయపడకుండా నా పక్కన తిరిగినోడు పిలిస్తే నేను భయపడినట్టు."

బయట ఆళ్లగడ్డ బస్సు హారన్ మోగింది. నేను సంచి తీసుకుని లేచాను. వలి మూత బిగించి, నాతోపాటు మెట్టు దాకా వచ్చాడు.

"రేపు మధ్యాన్నం ఆడనే ఉంటావు గదా?"

"ఉంటాను."

"చర్చి పక్కనే పందిలి. జయరాజు నీకు చెప్పలేదు అనుకోవాకు, నేను చెప్తాండా. మొదటి బంతిలోనే కూచో. నేను నోరు తెరిచినాక పక్కోడు లేచినా నువ్వు లేవొద్దు, తింటా ఉండు. పొద్దున ఏమీ తినకుండా రా."