కోడిపుంజు బండి

"ఇసక కదలదు. మనుషులు కదులుతారు. అందుకని ఇప్పుడు మీరెక్కాల" అంటూ నాన్న ఇసక బస్తాలు దించి, అమ్మనూ నన్నూ బండిలో కూర్చోబెట్టాడు.

అప్పుడు నాకు పదకొండేళ్లు. సాగర్ డ్యామ్ కడుతున్న రోజులు. నాన్న అక్కడ ఒక కాంట్రాక్టరు దగ్గర ఫిట్టరు. మొదట రాళ్లు మోయడానికి వెళ్లి, మేస్త్రీల పక్కన నిలబడి చూసి చూసి ఇనప పని నేర్చుకున్నాడు. చదువు బైబిలు కూడబలుక్కుని చదివేంత. ఇనుము మాత్రం ఆయన చెప్పినట్టు వినేది.

మా ఊరు మాచర్లకు అవతల, నాపరాళ్ల గట్ల మధ్య ఉంది. ఏటా పల్నాటి వీరుల పేరుమీద తిరునాళ్ల జరుగుతుంది. ఆ ఏడు మా పంచాయతీ ప్రెసిడెంటు మద్రాసు వెళ్లి, అక్కడి ఎగ్జిబిషన్‌లో ఏదో చూసొచ్చాడు. కాంట్రాక్టరు పాత సామాను వేలం వేస్తే, మట్టి మోసే ట్రాలీ ఒకటీ దాని పట్టాలూ పాడుకుని తెచ్చి, నాన్నకు కబురు పెట్టాడు. నాన్నతో పాటు నేనూ వెళ్లాను. ఆయన అరుగు మీద, మేము కింద.

"ఒరేయ్, ఆ బండి పైనుంచి కిందకి ఉరికిద్ది. మళ్లా ఎగదన్నుద్ది. లోపల జనం కేకలేస్తా నవ్వుతన్నారు. మన తిరునాళ్లకి అట్టాంటిది కావాల. చేయగలవా?"

"పట్టాలున్నాయిగదయ్యా. చేస్తాను."

నాన్న డ్యామ్ పనికి నెల రోజులు నాగా పెట్టాడు. ఊరి బయట గట్టు వాలునే ఆసరా చేసుకున్నాడు. పట్టాలు కాల్చి వంచి, గట్టు మీదనుంచి కిందికి దింపి, అక్కడినుంచి ఇనప కాళ్ల మీద నిలబెట్టిన మిట్ట ఎక్కించి, అవతల ఒక మలుపు తిప్పి, చివర ఎత్తులో ఆపాడు. బండిని కప్పీతో, మోకుతో పైకి లాగి వదలాలి. నలుగురు పట్టే బండి. ముందు రేకుతో చేసిన కోడిపుంజు తల, ఎర్రటి జుట్టు, వెనక రేకు ఈకల తోక. కోడిపందెం మీద యుద్ధం జరిగిన పల్నాట, కోడిపుంజే ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇసక బస్తాలతో పదిసార్లు వదిలి చూశాక మమ్మల్ని ఎక్కించాడు. తనూ ఎక్కి నా వెనక కూర్చున్నాడు. "భయపడమాకే, కమ్మీ గట్టిగా పట్టుకో" అన్నాడు అమ్మతో. పైనున్న మనిషి మోకు వదిలాడు. అమ్మ "ప్రభువా, ప్రభువా" అని అరుస్తోంది. మిట్ట ఎక్కేసరికి ఒక్క క్షణం కింద ఏమీ లేనట్టయింది. ఆ క్షణంలో నాకు ఊరంతా కనపడింది. ఊరికి ఎడంగా ఉన్న మా పల్లె, పెద్ద ఊరు, మధ్యలో దారి, అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. దిగాక అమ్మ కళ్లల్లోంచి నీళ్లు కారేలా నవ్వింది. అమ్మ అలా నవ్వడం మళ్లీ నేను చూడలేదు. ఆ సాయంత్రం మూడుసార్లు ఎక్కాం.

తిరునాళ్ల మొదటిరోజు నాన్న ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. అమ్మ నా జడకు కనకాంబరాలు పెట్టింది. మేం వెళ్లేసరికి ప్రెసిడెంటు కొబ్బరికాయ కొడుతున్నాడు. ఇద్దరు మనుషులు వేపమండలతో బండి మీదా సీట్ల మీదా పసుపునీళ్లు చల్లుతున్నారు. పూజ అనుకున్నాను. ప్రెసిడెంటు కూతురు నా క్లాసే. పట్టుపరికిణీ కట్టుకుని బండి పక్కనే నిలబడి ఉంది. నన్ను చూసి దగ్గరకొచ్చింది.

"మొన్న మీరెక్కారంటగా. అందుకని శుద్ధి చేస్తన్నారు" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. వానొస్తోంది అన్నట్టే చెప్పింది. తర్వాత, "ఈ బండి మా నాన్నే చేయించాడు" అంది.

మా నాన్న చేశాడు అని నేను అనాల్సింది.

ఈలోగా ప్రెసిడెంటు మనిషి ఒకడు గుంజలకు తాడు కట్టుకుంటూ వచ్చాడు. "ఏయ్, తాడు దాటమాకండి. మీవోళ్లంతా అటుపక్క" అన్నాడు. నేను నాన్న మొహంలోకి చూశాను. ఏదో ఒకటి అంటాడనుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేశాడు.

అక్కడినుంచే చూశాం. బండి ఉరికినప్పుడల్లా జనం ఈలలు వేస్తున్నారు. నాన్న మాత్రం చక్రాల చప్పుడు వింటున్నాడు. అవతల పందిట్లో వీరుల కథ చెప్పేవాళ్లు, అన్ని కులాలవాళ్లూ ఒకే చాపమీద కూర్చుని అన్నం తిన్న ఘట్టం పాడుతున్నారు. విన్నవాళ్లు కండువాలతో కళ్లు తుడుచుకున్నారు.

రెండోరోజు మధ్యాహ్నం బండి మిట్ట మీద ఆగిపోయింది. ఎండకు పట్టా సాగి అతుకు దగ్గర లేచింది. ముందు చక్రం ఒకటి పట్టా దిగి ఇరుక్కుంది. బండి ఒక పక్కకు ఒరిగి ఉంది. లోపల నలుగురు పిల్లలు, అందులో ప్రెసిడెంటు కూతురు. వాళ్ల ఏడుపులకు కింద ఆడవాళ్లు గుండెలు బాదుకుంటున్నారు. పైకెక్కడం ఎవరికీ తెలియదు.

"ఒరేయ్, ఫిట్టరు ఏడిరా? ఎక్కడ చచ్చాడు?" అని ప్రెసిడెంటు అరిచాడు.

నాన్న తాడు ఇవతలే ఉన్నాడు. ఎంతోదూరం లేడు. అమ్మ ఆయన చొక్కా పట్టుకుంది. "ఎల్లమాకయ్యా. ఆయన్నే ఎక్కమను, ఆయన చేయించాడంటగా" అంది. నాన్న చొక్కా విడిపించుకుని తాడు దాటాడు. అప్పుడు ఎవరూ అడ్డం రాలేదు. ఇనప కాళ్లు పట్టుకుని పైకి పాకి, ఒక భుజం బండికి ఆనించి, రెండో చేత్తో ఒక్కో పిల్లను మెడమీద కూర్చోబెట్టుకుని కిందున్నవాళ్లకు అందించాడు. ప్రెసిడెంటు కూతురు ఆయన జుట్టు గుప్పిళ్లతో పట్టుకుని వదలలేదు. ఆఖరి పిల్ల దిగాక చక్రం ఎత్తి పట్టామీద పెట్టాడు. బోల్టులు బిగించాడు. దిగి వచ్చేసరికి చొక్కా భుజం దగ్గర చిరిగి, లోపల కండ కమిలి నల్లగా ఉంది.

జనం ప్రెసిడెంటుకు జై కొట్టారు. ఆయన పంపిన మనిషి చెంబుతో పసుపునీళ్లు తెచ్చాడు. మళ్లీ చల్లారు. బండి మీద, తర్వాత ఆ నలుగురు పిల్లల తలల మీద.

ఇంటికి వచ్చే దారిలో నేను అడిగాను. "ఎందుకెళ్లావు నాన్నా?"

"పిల్లకాయలున్నారమ్మా అందులో."

"వచ్చాక ఏమీ అనలేదేంది మరి?"

అమ్మ అంది, "ఇంకేమంటాడు. ఆయనకు ఇనుముతో మాట్టాడటమే వచ్చు."

తిరునాళ్ల అయిపోయిన మర్నాడు బండి విప్పడానికి నాన్నను పిలిచారు. అన్నం తీసుకుని నేను వెళ్లాను. గుంజలు లేవు, తాడు లేదు, మనుషులు లేరు. నాన్న బండి పైకి లాగి పెట్టి ఉంచాడు.

"ఎక్కమ్మా. ఎవురూ లేరు. ఎన్నిసార్లంటే అన్నిసార్లు వదులుతాను" అన్నాడు.

నా కోసమే విప్పకుండా ఉంచాడని తెలుసు. "నాకక్కర్లేదు" అన్నాను. ఇంకా ఏదైనా అనాలనిపించి, "పసుపునీళ్లు చల్లేవాళ్లు లేకుండా ఎట్టా ఎక్కుతాం" అన్నాను. ఆయన మొహం చూశాను. ప్రెసిడెంటు మనుషులు చేయలేనిది నేను చేశాను. నాన్న పానా తీసుకుని బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. అన్నం గిన్నె అక్కడ పెట్టి నేను వచ్చేశాను.

ఆ పట్టాలు ప్రెసిడెంటుగారి పత్తి గోడౌనుకు దూలాలయ్యాయి. నాన్న డ్యామ్ పనికి తిరిగి వెళ్లాడు. ఆ భుజం నొప్పి ఆయన్ను వదలలేదు. నేను మిషన్ హాస్టల్లో చేరి టీచరు ట్రైనింగు దాకా చదివాను.

కొన్నేళ్లకు మళ్లీ పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఊరికి ప్రెసిడెంటు చేసినవన్నీ మైకులో చదువుతూ, బడి, రోడ్డు తర్వాత కోడిపుంజు బండిని కూడా చెప్పారు. మేం వాకిట్లో కూర్చుని విన్నాం. నాన్న తల వంచుకుని చెప్పులు కుట్టించాలేమో అని చూసుకుంటున్నాడు. ఓట్లరోజు అదే తెల్లచొక్కా, భుజం దగ్గర కుట్టుతో, వేసుకుని వెళ్లి వచ్చాడు. ప్రెసిడెంటుకే వేశావా అని నేను అడగలేదు. అడిగితే నిజం చెప్పేవాడు.