బస్సులో బయటపెట్టిన హంతకుడి పేరు

రెండేళ్లయినా ఆ రోజు గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది. గుర్రాలు, తుపాకులు, ఎడారి ఊళ్లతో నడిచే కౌబాయ్ డిటెక్టివ్ నవలలంటే నాకు పిచ్చి. బీర్కూర్ నుంచి బాన్సువాడకు వస్తూ బస్సులోనే ఒకటి పూర్తిచేశాను. దాన్ని సగం చదివి వదిలేసిన అక్కకు ఉండబట్టలేక ఫోన్ చేశాను.

"అక్కా, గా పశువులాయన్ని చంపి బాయిల పడేసింది ఎవరో కాదు, షెరీఫే!" అని గట్టిగానే అన్నాను.

మర్నాడు నా జిరాక్స్ షాపు తెరవబోతే, పక్కనున్న టైలర్ షరీఫ్ భాయ్ దుకాణం ముందు జనం మూగి ఉన్నారు. ఒకతను ఆయన కాలర్ పట్టుకున్నాడు.

"నిన్న బస్సుల ఒకామె ఫోన్ల చెప్తుంటే నా చెవులతోని విన్న. మనిషిని చంపి బాయిల పడేసిండంట!"

నాకు కోపం ముంచుకొచ్చింది. సంచిలోంచి నవల తీసి అతని ముఖం ముందు పెట్టాను.

"ఆ ఒకామెను నేనే. ఇది కథ! షెరీఫ్ అంటే అమెరికల పోలీసాయన. చదువు!"

"గట్లనా? మాకేం ఎర్క" అంటూ కాలర్ వదిలేసి, తప్పయిందన్న మాటైనా అనకుండా వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ జారుకున్నారు. వాళ్లలో ముగ్గురి ఒంటి మీద ఆయన కుట్టిన చొక్కాలే ఉన్నాయి.

నా వల్లే ఇదంతా జరిగిందని ఏడ్చేశాను. షరీఫ్ భాయ్ చిరిగిన కాలర్ సర్దుకున్నాడు.

"నువ్వేం జేసినవ్ బిడ్డా? ఇంతసేపు నన్ను నిలవెట్టిండ్రు. సచ్చిందెవరని ఒక్కడన్న అడగలే."