డోర్సెట్ కొండలో సాలగ్రామం

స్కూల్ ట్రిప్‌కి ఇంగ్లండ్ దక్షిణాన ఉన్న డోర్సెట్ తీరానికి వెళ్లొచ్చిన మా పాప, చుట్టలు తిరిగిన నత్తలాంటి రాయిని నాకందించబోయింది. ఇంకా సముద్రపు వాసన వేస్తోంది.

నా చిన్నప్పుడు ఆ తీరంలోనే, కొండచరియ కింద, నాన్న సుత్తితో కొట్టిన రాయి రెండు చెక్కలైంది. లోపల నల్లటి చక్రం. గుంటూరు నుంచి వచ్చిన నాయనమ్మ చెప్పులు విడిచి దణ్ణం పెట్టింది.

"సాలగ్రామంరా! ముందు ఆ సుత్తి అవతల పెట్టు!"

"కాదమ్మా, కోట్ల ఏళ్ల కిందటి సముద్రజీవి. ఫాసిల్."

నేను నాయనమ్మనే నమ్మాను. ఆ కొండంతా దేవుళ్లే కిక్కిరిసి ఉన్నారనుకుని, గులకరాళ్లు గుచ్చుకుంటున్నా కారుదాకా చెప్పుల్లేకుండానే నడిచాను.

గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లోని చక్రం కూడా అలాంటి జీవిదేనని పెద్దయ్యాక తెలిసింది. ఆ రోజు ఇద్దరూ నిజమే చెప్పారు.

"హోల్డ్ ఇట్, డాడ్," అంది పాప.

చేతులు కడుక్కొచ్చి అందుకున్నాను.