ఏమని పిలవాలి

ఉద్యోగం నుంచి రిటైరైన ఏడాదికి నేను మార్కాపురంలోని ఆ సలహా కేంద్రంలో చేరాను. వారానికి రెండు రోజులు, జీతం లేని పని. కింద పలకలకు చెక్క ఫ్రేములు బిగించే షెడ్డు, పైన మా గది. మెట్లెక్కేవాళ్ళను ఎవరైనా చూసినా ఇబ్బంది లేకుండా బోర్డు మీద ‘కుటుంబ సలహా కేంద్రం’ అని మాత్రమే రాయించారు. వచ్చేవాళ్ళు ఆడపిల్లలను ప్రేమించిన ఆడపిల్లలు, మగవాళ్ళను ప్రేమించిన మగవాళ్ళు, మగపిల్లలుగా పెరిగి ఆడవాళ్ళుగా బతుకుతున్నవాళ్ళు. ఎప్పుడైనా వాళ్ళ అమ్మానాన్నలు.

ఎందుకు చేరావని అడిగితే పొద్దుపోక అని చెప్పేదాన్ని. నిజం అది కాదు. గిద్దలూరు దగ్గర హైస్కూల్లో తెలుగు చెప్పే రోజుల్లో నా తరగతిలో మగపిల్లల వరసలో కూర్చునే ఒక బిడ్డ నడకను చూసి మిగతావాళ్ళు నవ్వేవారు. ఒకరోజు నేనూ నవ్వాను. టీచరే నవ్వాక ఇంక వాళ్ళకు అడ్డేముంటుంది? నెల తిరక్కుండా ఆ బిడ్డ బడి మానేసింది.

నేను చేరిన మొదటి ఎండాకాలంలో అర్ధవీడు వైపు నుంచి ఒకామె వచ్చింది. గొర్రెలు, మేకలు మేపుకునే కుటుంబం. రెండు బస్సులు మారి వచ్చి, తలుపు దగ్గరే చెప్పులు విడిచి, కుర్చీ చూపించినా చాలాసేపు కూర్చోలేదు. కొడుకు నాలుగేళ్ళ కిందట ఇల్లు వదిలిపోయాడట. నెల్లూరులో ఒక ఆసుపత్రిలో రోగులను చూసుకునే పనిలో ఉన్నాడని తెలుసు. ఆడమనిషిగా ఉంటున్నాడని కూడా తెలుసు. ఈ మధ్య భర్త మేకలకు కొమ్మలు కొట్టబోయి బండ మీదనుంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. ఆ సంగతి తెలిసి బిడ్డ ఫోన్ చేసింది. నాయనను చూసుకోవడానికి వస్తాను, కానీ చీర కట్టుకునే వస్తాను అని చెప్పింది.

“నాకు వేరే సలహా ఏం వద్దు మేడం,” అన్నది ఆమె. “నా బిడ్డ వచ్చినప్పుడు ఏమని పిలవాల? ఇన్నేండ్లు ఏరా, ఒరే అన్నా. ఇప్పుడేమనాల?”

ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినదాన్ని, ‘మళ్ళీ రండి, కలిసి వెతుకుదాం’ అన్నాను. ఆ రోజు రిజిస్టరులో ‘కొడుకు గురించి వచ్చారు’ అని రాశాను. కేంద్రం నడిపే అమ్మాయి కూడా అలా ఆడమనిషిగా బతుకుతున్నదే. ఆమె పెన్ను తీసుకుని ‘కొడుకు’ కొట్టేసి పైన ‘కూతురు’ అని రాసింది. నాకు తల ఎత్తాలనిపించలేదు.

బిడ్డ రావడానికి ఇంకా పది రోజులున్నాయి. ఆ పది రోజుల్లో తల్లి మూడుసార్లు వచ్చింది. రెండోసారికి నన్ను అక్కా అనడం మొదలుపెట్టింది. ఇద్దరం కలిసి కూతురి మాటలకు నోరు తిరిగేలా సాధన చేశాం. బిడ్డ చిన్నప్పటి ముచ్చట ఏదైనా కూతురి సంగతి చెప్పినట్టు చెప్పమన్నాను.

“వాడు... అది, అయిదేండ్లప్పుడు గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకోని దొడ్లోనే నిద్రపోయినాడు... పోయింది. ఊరంతా ఎతికినాం.” నా వైపు వంగి మెల్లగా అడిగింది. “అక్కా, అప్పుడు గూడా ఆడబిడ్డేనా అది? నాకే కనపడలేదా?”

నాకు తెలియదన్నాను. వచ్చాక తననే అడగమన్నాను.

బిడ్డ వచ్చే రోజు తోడుగా ఉండమని ఆమె బతిమాలింది. మేము ఊరికే ఎవరి ఇళ్ళకూ వెళ్ళం. నెల్లూరుకు ఫోన్ చేసి ఆ పిల్లనే అడిగాం. రమ్మన్నది. పొద్దున్నే బయలుదేరి వెళ్ళాను. ముళ్ళకంప చుట్టిన దొడ్డి, రేకుల ఇల్లు, పంచలో మంచం మీద తండ్రి. తల్లి పొద్దుటి నుంచీ ‘ఏమే, వచ్చినావా’ అని పెదవులు కదుపుతూనే ఉంది.

ఆటో ఆగింది. ఆకుపచ్చ చీరలో పొడుగాటి అమ్మాయి బ్యాగుతో దిగింది. తల్లి గబగబా ఎదురెళ్ళింది.

“ఏరా, వచ్చినావా?” అన్నది.

అనేసి చేత్తో నోరు మూసుకుంది. ఆ పిల్ల తల్లి చేతిని నోటి మీదనుంచి తీసి పట్టుకుంది. “వచ్చినాలేమ్మా. ముందు నీళ్ళియ్యి,” అన్నది. తల్లి ఆ చెయ్యి వదలకుండానే లోపలికి నడిచింది.

తండ్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడు రోజులుగా మంచం దిగలేదని, వీపు ఒరుసుకుపోయిందని తల్లి నాతో చెప్పి ఉంది. కూతురు కొంగు దోపుకుని, నొప్పి లేని వైపు నిలబడి, ఒక చెయ్యి భుజాల కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద వేసి ఆయన్ను తిప్పి కూర్చోబెట్టింది. వీపు తుడిచి, దుప్పటి మార్చింది. ఆయన వద్దనలేదు. ఆమె ముఖం మాత్రం చూడలేదు. చివరికి భార్యతో, “పొద్దుననగా నెల్లూరులో బయల్దేరినారు. తిన్నారేమో అడుగు,” అన్నాడు.

వాడు అనలేదు, అది అనలేదు. చుట్టాన్ని అన్నట్టు అన్నాడు. నన్ను ఆటో దాకా సాగనంపుతూ ఆ పిల్ల నవ్వింది. “మా నాయన ఎవరొచ్చినా ఇంత మర్యాద చేయడు మేడం. మర్యాదనో, పరాయిదాన్ని చేసినాడో తెలీదు.”

ఆమె నెలన్నర ఉంది. ఆ నెలన్నరలో తండ్రి తమ్ముడి కుటుంబం, ఆమె ఉందని, ఆ గుమ్మం తొక్కలేదు. చేతికర్ర పట్టుకుని తండ్రి దొడ్డిదాకా నడవగలిగాక నెల్లూరు వెళ్ళిపోయింది.

వానలు పడ్డాక తల్లి మా కేంద్రానికి వచ్చింది. ఈసారి అడగడానికేమీ లేదట, ఊరికే చూసి పోదామని వచ్చిందట. ఆయన బీడీలు మానలేదని, నెల్లూరు నుంచి కూతురు రోజూ ఫోన్లో తిడుతుందని, ఈయనా ఊరుకోడని చెప్పింది.

“నేరుగానే మాట్లాడుకుంటారా?” అన్నాను.

“కొట్లాడుకుంటారక్కా. ఫోన్ నా చేతికి రానియ్యరు.”

“మరి ఆయన ఏమని పిలుస్తాడు?”

“ఏమనీ పిలవడు. ఆ మర్యాదేం లేదిప్పుడు, నువ్వు అంటాడు. ‘నువ్వెవురు నాకు చెప్పేదానికి’ అంటాడు.” చెప్తూ చెప్తూ నవ్వింది. కంభం బస్సుకు టైమవుతోందని లేచి చెప్పులు వేసుకుంది.